మొదటి గరిటె

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జమ్మకు అమ్మ దీవించి రాయడం ఏమనగా, ఈ ఉత్తరం రాసే పూటకి నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. ఇది నీకు అందే పూటకి ఎలా ఉంటామో ముందే రాయడానికి నాకు భయం. అక్కడ నువ్వూ అల్లుడుగారూ కులాసా అని తలుస్తాను. మొన్న ఫోన్లో రెండుసార్లు దగ్గావు. వేడినీళ్ళు తాగుతున్నావా?

మీ ఇంటికి వచ్చేయడానికి సామాను సర్దడం మొదలుపెట్టావా అని అడిగావు. మొదలేమిటి, వంటిల్లంతా అయిపోయింది. లారీ రావడానికి ఇంకా ఇరవై రోజులుంది. ఆఖరి రోజు హడావిడిలో ఏ మూత ఏ గిన్నెదో తెలియకుండా పోతుందేమోనని, అన్నిటినీ పాత చీరల్లో చుట్టి, పెట్టెలకెత్తి, తాళ్ళతో బిగించేశాను. పొయ్యి కూడా కట్టేశాక మీ నాన్న వచ్చి చూసి, "మరి మధ్యాహ్నం ఏం తింటామే?" అన్నారు. అప్పుడు తెలిసొచ్చింది. విప్పబోతే నేను వేసిన ముడులు నాకే లొంగలేదు. మీ నాన్న మాత్రం "ఉండనీలే, విప్పకు" అని గబగబా చెప్పులేసుకున్నారు. ఎప్పుడూ లేని ఆ హుషారు చూసి నాకు అనుమానమే వచ్చింది.

మన సందు చివర నీలం తలుపుల తిండికొట్టు గుర్తుందా? తొమ్మిదేళ్ళుగా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే దాని ముందు నుంచి నడిచాను. ఏం నూనో, ఎక్కడి నీళ్ళో అని నువ్వొచ్చినప్పుడల్లా నిన్నూ చెయ్యి పట్టి లాక్కొచ్చాను. లోపలికెళ్ళి చూస్తే నాలుగు బల్లలు, అద్దంలా తోమిన గిన్నెలు. వండే ఆవిడకు యాభై ఉంటాయి. మీ నాన్న మారు అన్నం పెట్టించుకున్నారమ్మా! చూసి ఎన్నాళ్ళయిందో. సంతోషమూ వేసింది, ఒళ్ళూ మండింది. "ఇంట్లో పిట్టలా తింటారే!" అన్నాను. "బయటి గాలి పడిందిలే" అన్నారు.

ఇక రోజూ అక్కడే. ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. ముందుగా ఎవరొస్తే వాళ్ళకి ఆవిడ చిన్న గిన్నెలో మొదటి గరిటె కూర పోసి, "ఉప్పు చూసి చెప్పండి" అంటుంది. వాళ్ళు సరేనన్నాకే మిగతావాళ్ళకి వడ్డన. నాలుగో రోజు ముందు వెళ్ళింది మేమే. మీ నాన్న చేతులు కడుక్కుంటున్నారు. గిన్నె నా చేతిలో పెట్టి, "చూడండి పిన్నిగారూ" అంది. నాలుక మీద వేసుకుని, "సరిగ్గా సరిపోయిందమ్మా" అనేశాను.

పదిమందికి వడ్డించింది. ఎదురుకొట్టు దర్జీ మొదటి ముద్దకే, "అక్కా, ఉప్పు డబ్బా అలిగి పుట్టింటికి పోయిందా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ఆవిడ మాటల్లో పడి ఉప్పు వేయడమే మరిచిందట. చూసి చెప్పిందెవరని తలలన్నీ నావైపు తిరిగాయి. మీ నాన్న ఒక్కరే తల ఎత్తలేదు.

ఇప్పుడు అసలు మాట. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే మళ్ళీ అబద్ధం ఆడేస్తానని ఉత్తరం రాస్తున్నాను. నాన్న ఎందుకలా చిక్కిపోయారని కిందటి ఉత్తరంలో అడిగావు. వయసు అని రాశాను. వయసు కాదు తల్లీ, నేను. ఆ జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి, ఏడాదిన్నరగా నా నాలుకకు ఉప్పు తెలియడం లేదు. ఒకరోజు వేసిందే మళ్ళీ వేస్తాను, ఒకరోజు అసలే వేయను. ఆయన పల్లెత్తు మాట అనకుండా తినడం తగ్గించుకున్నారు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. నీకు తెలిస్తే నీ ఇంట్లో నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వవేమోనని దాచాను. కూర్చోబెట్టి పెడతావు, అది నాకు తెలుసు. ఆ కూర్చోవడమే నా వల్ల కాదు.

ఆ రోజు అందరూ వెళ్ళాక ఆవిడ నా పక్కకొచ్చి కూర్చుంది. "తెలియలేదు కదూ?" అంది. నేను కొంగు కళ్ళకద్దుకున్నాను. "నాకు ఆరేళ్ళుగా తెలియదు పిన్నిగారూ. లేకపోతే వచ్చినవాళ్ళనెందుకు అడుగుతాను? వండేది నా చెయ్యే. చూడ్డానికి ఈ సందులో ఇన్ని నాలుకలుంటే నాకేం బెంగ?" అంది. నేను ఏడుస్తుంటే, "ఆ ఏడుపేదో రేపు ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఏడుద్దురుగాని. గుమ్మడికాయ మీరే వండాలి" అని లేచింది.

వండాను. దర్జీ ఉప్పు చూసి, "ఇంకో చిటికెడు పిన్నిగారూ" అన్నాడు. వేశాను. మీ నాన్న మూడుసార్లు పెట్టించుకున్నారు, నా చేతి కూర! కళ్ళు తుడుచుకుంటూ, కారం అన్నారు. అందులో కారమే లేదు.

ఆ తల్లి చల్లగా ఉండాలి. తొమ్మిదేళ్ళు ఆమె గుమ్మం ముందు ముక్కు మూసుకున్నాను, ఆమె నా పరువు కాపాడింది. నిన్న ఆ ఉప్పు చూసే చిన్న గిన్నె నా చేతిలో పెట్టి, మీ అమ్మాయి ఇంటికి పట్టుకెళ్ళండి అంది. దాన్ని పెట్టెలో పెట్టలేదు, చేతిసంచీలోనే ఉంచాను.

నేను పిలిచినప్పుడు వంటింటి గుమ్మం దాకా వచ్చి ఉప్పు చూస్తావా, బుజ్జమ్మా? చూస్తానంటే ఒక్క ముక్క రాయి. లారీ రాకముందే రాయి.

ఇట్లు,
పోస్టు వచ్చే వేళకల్లా గేటు దగ్గర నిలబడే
మీ అమ్మ