పొగమంచులో వెనక వచ్చిన వ్యాను

మౌలాలి, డిసెంబరు 1, సోమవారం

ప్రియమైన పేతురుకు,

ప్రియమైన అని అందరూ రాస్తారు కాబట్టి రాశాను. ఏడేళ్లుగా నీ మీద కోపం నా కడుపులోనే ఉంది. ఫోన్‌లో తిడదామంటే నీకు వినబడదు. ఆఁ ఆఁ అంటావు, నా గొంతు పోతుంది. అందుకే కాగితం. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే నోరు మూసుకుని చదువు.

ఏడేళ్ల కింద లాల్‌బజార్ రోడ్డు మీద పొగమంచు కమ్మిన రోజు గుర్తుందా? నేను సైకిలు వెనక రొట్టెల డబ్బా కట్టుకుని పోతున్నాను. నువ్వు బడి వ్యానుతో నా వెనక చేరావు. దాటిపోవచ్చు కదా, పోలేదు. హారన్ కొడుతూ నా వీపు మీదే వచ్చావు. ఆఖరుకు ఇద్దరం మిలిటరీ గేటు ముందు తేలాం. తుపాకీ పట్టుకున్న జవాను ఏం పని అని అడిగితే నేను రొట్టెల డబ్బా చూపించాను.

అదీ పోనీ. సాయంత్రం చాయ్ హోటల్లో నువ్వేమన్నావు? "చాంద్‌భాయ్‌కి మంచుల తొవ్వ కనబడలే. నేను లైట్లేసి ఎనక కావలి కాసిన, బతికిండు" అన్నావు. పదిమంది నవ్వారు.

ఆ మాట మా ఇంటావిడ ఖమర్ బీ చెవిన పడింది. అప్పటినుంచి ఆవిడకు అదే సాక్ష్యం. ఈసారి చలి ముదరకముందే సైకిలుకు గొలుసు వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. "పేతురు భాయ్ లేకుంటే అప్పుడే పోయేటోళ్లు. డెబ్బై రెండొచ్చినయి, ఇంక చాలు. నెలాఖరుకు పాత సామానోనికి ఇచ్చేస్త" అంటోంది.

యాభై ఏళ్లుగా సైకిలు మీద రొట్టెలు వేస్తున్నవాణ్ణి. నా కాళ్లు బాగున్నాయి. నన్ను నువ్వు కాపాడలేదని రాసివ్వు.

కోపం తగ్గని
చాంద్‌పాషా


అల్వాల్, డిసెంబరు 5

ప్రియమైన చాంద్‌భాయ్‌కి వందనాలు.

నీ ఉత్తరం మా కోడలు మేబెల్ తెచ్చిచ్చింది. నేను చదువుతుంటే నా మొహం చూసి "ఎవరు మామయ్యా, గంత గనం తిట్టిండు?" అని అడిగింది. నీ పేరు చెప్పాను.

ఇక్కడ చలి గట్టిగానే ఉంది. సైకిలు తొక్కేవాళ్లు చొక్కా లోపల పేపరు మడిచి పెట్టుకుంటే రొమ్ముకు గాలి తగలదు. వెనక ఎర్ర లైటు కట్టాలి. మంచు పడితే ఎండ వచ్చేదాకా ఆగాలి. నేను వ్యాను నడిపిన రోజుల్లో అద్దం మీద కోసిన ఆలుగడ్డ రుద్దేవాణ్ణి, మంచు అంటుకునేది కాదు.

పాత సంగతులు ఎందుకు తవ్వడం? వదిన నీ మేలు కోరే చెబుతోంది. ఇంట్లో కూర్చుని వేడివేడిగా చాయ్ తాగు.

నీ క్షేమం కోరే
పేతురు


మౌలాలి, డిసెంబరు 10

ప్రియమైన పేతురుకు,

చొక్కాలో పేపరు పెట్టుకొమ్మని నీకు చెప్పిందే నేను. నాదే నాకు అమ్ముతున్నావు.

నిన్న ఖమర్ బీ స్నానానికి పోయినప్పుడు తాళంచెవి తీసుకుని బయటపడ్డాను. చేతులకు సాక్సులు తొడుక్కుని, వాటి మీద పాల కవర్లు వేసుకున్నాను. బ్రేకు పట్టుకుంటే జారింది కాని వేళ్లు కొంకర్లు పోలేదు. రొట్టెలు వేడి చల్లారకముందే హోటల్‌కు చేర్చాను. చాలా రోజులకు మనిషిలా అనిపించింది.

ఇంటికి వస్తే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టలేదు. "ఇయ్యాల మీ ఎనక పేతురు భాయ్ సుత లేడు కద" అని ఏడ్చింది. నేను ఆమెను ఏడిపించింది తక్కువ పేతురూ. పాత సామాను వాడికి ఈ ఇరవై ఎనిమిదో తేదీ, ఆదివారం రమ్మని చెప్పేసింది.

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. ఆలుగడ్డల సంగతి రాశావు. ఆ రోజు నన్ను దాటి ఎందుకు పోలేదు?

చాంద్‌పాషా


అల్వాల్, డిసెంబరు 14

ప్రియమైన చాంద్‌భాయ్,

చర్చి నుంచి వచ్చి రాస్తున్నాను, అబద్ధం రాయను.

నాకు రోడ్డు కనబడలేదు. వ్యానులో ఇరవై రెండు మంది పిల్లలు. చలికి కిటికీలన్నీ మూశాం. వాళ్ల ఊపిరికి అద్దం లోపలి నుంచి తెల్లగా అయిపోయింది. టోపీ తీసి తుడిస్తే మళ్లీ కమ్మింది. ఆలుగడ్డ బయటి మంచుకు పనిచేస్తుంది కాని పిల్లల ఊపిరికి చేయదు. ఆగుదామంటే వెనక నుంచి లారీ వచ్చి గుద్దుతుందని భయం. నాకు కనబడింది నీ రేకు డబ్బా ఒక్కటే. దాన్ని పట్టుకుని వచ్చాను. హారన్ కొట్టింది జెర మెల్లగా పొమ్మని. నువ్వు రోషానికి ఇంకా గట్టిగా తొక్కావు.

పిల్లలు బడికి ఆలస్యమయ్యారు. నిజం తెలిస్తే నా నౌకరీ పోతుందని హోటల్లో ఆ మాట అల్లాను. నిన్ను నేను కాపాడలేదు భాయ్. నువ్వే మమ్మల్నందరినీ తోలుకుపోయావు. ఏడేళ్లూ సిగ్గుతో చెప్పలేకపోయాను.

నీ తమ్ముడు
పేతురు


మౌలాలి, డిసెంబరు 17, బుధవారం

ప్రియమైన పేతురుకు,

ఈసారి నిజంగానే రాశాను ఆ మాట.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఛాతీ పొంగింది. ఖమర్ బీకి వినిపించి తాళంచెవి అడుగుదామని లేచాను. ఇరవై రెండు మంది పిల్లలు అన్న చోట మళ్లీ కూర్చున్నాను.

పేతురూ, ఆ రోజు నాకూ ఏమీ కనబడలేదు. మఫ్లరు ముక్కు మీదికి కట్టుకున్నాను. నా ఊపిరికి నా కళ్లద్దాలే తెల్లబడ్డాయి. సైకిలు గంట కూడా కనబడలేదు. ముందు జవాన్లు పొద్దుటి కసరత్తు పరుగు తీస్తున్నారు, వాళ్ల బూట్ల చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వెంట తొక్కాను. వాళ్లు వాళ్ల ఇంటికి పోయారు. అందుకే మనం మిలిటరీ గేటు కాడ తేలాం.

నన్ను నమ్ముకుని అంతమంది పిల్లలు వస్తున్నారని అప్పుడే తెలిస్తే సైకిలు అక్కడే పడేసి కూలబడేవాణ్ణి. ఇప్పుడు మఫ్లరు ముక్కు కిందికే కడుతున్నాను. దారి కనబడకపోతే దిగి నడుస్తాను. ఇది నేను రాసి పెట్టిన మాట.

నీ ఉత్తరం చూపించి తాళంచెవి తీసుకోవచ్చు. సగం నిజం చెప్పి సైకిలు ఎక్కలేను. పాత సామాను వాడు రాకముందే, ఇరవై ఏడు, శనివారం నువ్వు రా. పండుగ కేకు తెచ్చి నోట్లో కుక్కి మాట దాటేయకు. మా ఇంట్లో, ఖమర్ బీ ముందర, నీ సంగతి నువ్వు చెప్పు. నా సంగతి నేను చెబుతాను. తర్వాత సైకిలు ఉంచుతుందో ఊడగొడుతుందో ఆవిడ ఇష్టం. అయితే ముందు నువ్వే చెప్పాలి, నేను పెద్దవాణ్ణి.

వస్తావా, రావా? ఇరవై మూడు, మంగళవారం కల్లా నాకు జవాబు అందాలి.

నీ అన్న
చాంద్‌పాషా