చేతులు కనబడేలా

నాన్నా,

ఎవరింటికి వెళ్లినా చేతులు కనబడేలా పెట్టుకోమనేవాడివి. మనది స్టూవర్టుపురం అనగానే మన సంచులు వెతికే మనుషుల్ని చూసినవాడివి కదా. నువ్వు పోయి ఆరేళ్లయినా నేను ఆ మాట తప్పలేదు.

తెనాలిలో నేను చూసుకునే మామ్మగారి ఉంగరం ఈరోజు పొద్దున కనబడలేదు. కోడలుగారు నన్ను ఒక్క మాటా అనలేదు. "మీది ఏ ఊరన్నావు?" అని మాత్రం మళ్లీ అడిగారు.

వంటింటి గోడకున్న కెమెరా నా కోసమే పెట్టారని ఇన్నాళ్లూ దానివైపు చూసేదాన్ని కాదు.

"అందులో చూడండమ్మా" అని నేనే అడిగాను.

ఆవిడ ఫోన్ తెరిచారు. అందులో మామ్మగారు ఉంగరం తీసి, గుడ్డలో చుట్టి, బియ్యం డబ్బాలో దాస్తున్నారు. ఎందుకని అడిగితే, "దొంగలొస్తారేమోనని" అన్నారు మామ్మగారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గుండెల మీంచి బరువు దిగిపోయింది నాన్నా.

"నువ్వే తియ్యమ్మా" అని కోడలుగారు నాకు కాఫీ కలపడానికి అటు తిరిగారు.

నేను చెయ్యి మోచేతిదాకా బియ్యంలోకి దింపాను. నా చెయ్యి ఎవరికీ కనబడలేదు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

నీ కూతురు