గుమ్మంలో బోర్లించిన కాగు

లవీనియా గారికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. జార్జియాలో ఇది పత్తి ఏరే కాలం. పైగా అక్షరాలు నేర్చింది యాభై దాటాక. కంచరగాడిదను మడకకు కట్టడం కన్నా నాకు కలం పట్టడమే కష్టం.

యుద్ధం నాటి మీ అమ్మగారి డైరీ అచ్చు వేయిస్తున్నారట. నా భార్య డార్కస్ మాట ఉన్న పేజీ పంపి, నిజమేనని సంతకం పెట్టమన్నారు. 'అయ్యగారు యుద్ధానికి వెళ్లారన్న దిగులుతో డార్కస్ వంట మానేసి, కాగును గుడిసె గుమ్మంలో బోర్లించింది. మా బానిసలకు మేమంటే ఎంత ప్రేమో!' అని ఉంది.

ప్రేమ కాదండీ. గుమ్మంలో కాగు బోర్లిస్తే లోపలి మాటలు అందులోకే పోతాయని, బంగళా దాకా వినబడవని మావాళ్ల నమ్మకం. లోపల మేం, మాకు విడుదల తెచ్చే ఉత్తరాది సైన్యమే గెలవాలని పాడుతూ ప్రార్థిస్తున్నాం.

"మెల్లగా పాడవే, దొరసానివి పాము చెవులు" అన్నాను.

"కాగుందిగా! నీ నోటికైతే రెండు కావాలి" అని కసిరింది డార్కస్.

ఆమె ఇప్పుడు లేదు. మీ కోసం ఏడ్చిన దాసిగా ఆమెను పుస్తకమెక్కనివ్వను. సంతకం పెట్టను. ఆ పేజీ వేసి తీరతామంటే పక్కనే ఈ ఉత్తరమూ వేయండి.

డైరీలో లేనిది ఒకటి చెబుతాను. కాఫీ దొరక్క బెండగింజలు వేయించి కాచుకునే రోజులవి. మాకు స్వేచ్ఛ వచ్చిందని తెలిసిన ఉదయం మీ అమ్మగారు, "డార్కస్, కాఫీ ఏదే?" అని కేకేశారు.

"గింజలు డబ్బాలో ఉన్నాయమ్మా" అని చెప్పి డార్కస్ మూట నెత్తికెత్తుకుంది.

ఆ పూట పొయ్యి మీ అమ్మగారే వెలిగించుకున్నారు.