గురువారం కథకు భోజనం ఎవరు పెడతారు

బిష్కెక్

బురుల్చా అత్తయ్యకు మేనకోడలు ఐపేరి సలాములు.

అత్తయ్యా, గాల్లో తేలిపోతున్నాను. పాలలారీ డ్రైవరు తాలాస్ చేతికిచ్చి మీరు మెమరీ కార్డులో పంపిన కథను నా పాడ్‌కాస్ట్‌లో పెట్టానో లేదో, ఊరంతా ఫోన్లలో మీ గొంతే. ఉద్యోగం మానేసి ఇదే చేద్దామనుకుంటున్నాను. ఇక ప్రతి గురువారం ఒక కథ. ఒక్క వారం తప్పినా వినేవాళ్ళు వేరే గొంతు వెతుక్కుంటారు. పంపుతారు కదూ?

మీ ఐపేరి

తా.క. కథ మధ్యలో అరిచిన గాడిదకు విడిగా అభిమానులున్నారు.

*

సోన్‌కుల్ మేత మైదానం

చిరంజీవి ఐపేరికి అత్త దీవెనలు.

కథలకేం, నా దగ్గర బోలెడు. కానీ ఇది గుర్రాల పాలు పితికే కాలం. పొద్దున వంగితే సాయంత్రం దాకా నడుము ఎత్తేది లేదు. వాన పడితేనే కథ. వాన గురువారమే పడుతుందా?

అది అలా ఉంచు. నా కథ విన్నవాడు నా అతిథి. మనింట్లో కథ విని ఖాళీ కడుపుతో లేచి వెళ్ళిన మనిషి ఉన్నాడా? ఊరంతా వింటోందంటున్నావు. వాళ్ళకు వారం వారం తిండి ఎవరు పెడతారే? మంద మొత్తం కోసినా చాలదు. నా పరువు పోతుంది.

అత్త

తా.క. అది గాడిద కాదు. మీ మామయ్య తుమ్మాడు.

*

అత్తయ్యా,

మీ హాస్యానికి పొట్ట పట్టుకుని నవ్వాను. వినేవాళ్ళ సంగతి నాకు వదిలేయండి. ఇక్కడ నేనున్నాను, అన్నీ చూసుకుంటాను. మీరు మాత్రం ఆపొద్దు, ఉద్యోగం మానేశాను. మెమరీ కార్డు గురువారం పొద్దున చేరుతోంది. మొదలు మాత్రం కాస్త విని, మిగతాది వినకుండానే పెట్టేస్తున్నాను, మొహం కడుక్కునే తీరిక కూడా లేదు.

మీ ఐపేరి

తా.క. మామయ్యను మళ్ళీ తుమ్మమనండి.

*

బంగారుతల్లీ,

గుండె మీద బండ దించావు. అచ్చం మీ నాన్న పోలికే, పెట్టే చెయ్యి. ఇక వాన లేకున్నా చెబుతాను, పాలు పితుకుతూనే చెబుతాను. నువ్వన్న మాట అందరికీ చెప్పేశాను.

అత్త

తా.క. తుమ్మమంటే మీ మామయ్య సిగ్గుపడుతున్నాడు.

*

అత్తయ్యా,

ఈ గురువారం సాయంత్రం తలుపు తీస్తే మెట్ల నిండా జనం. అప్పటికే బూట్లు విప్పేస్తున్నారు. "బురుల్చా అక్క రమ్మంది. భోజనం ఇక్కడేనటగా" అన్నారు.

వంటింట్లోకి పరిగెత్తి మీ కథను మొదటిసారి చివరిదాకా విన్నాను. "ఆకలితో పడుకోకండి నాయనా, నా మేనకోడలు పెడుతుంది" అని వీధి, అంతస్తు, తలుపు రంగుతో సహా చెప్పారు. ఒళ్ళు మండిపోయింది. కానీ గుమ్మం దాకా వచ్చినవాళ్ళను పొమ్మంటే మీ మేనకోడలిని ఎలా అవుతాను? ఇంట్లో ఉన్న పిండి అంతా కలిపి బోర్సోక్ రొట్టెముక్కలు వేయించాను.

తింటూ కథ మళ్ళీ పెట్టమన్నారు. అందరూ కలిసి విని, కలిసి నవ్వారు. ఎవరు వింటున్నారో మొదటిసారి కళ్ళారా చూశాను అత్తయ్యా, ఇంత సంతోషం ఎన్నడూ ఎరగను. అయినా నిజం చెప్పేశాను, వారం వారం ఇలాగైతే నేను మిగలను, పాడ్‌కాస్టూ మిగలదని. వాళ్ళే తేల్చారు. నెలకొక కథ చాలట. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి వింటారట. వేరే గొంతు ఎవరికీ అక్కర్లేదట.

మీ ఐపేరి

తా.క. వచ్చే నెల ఎవరింట్లో అని అడిగారు. మీ గుడారానికి దారి చెప్పాను. అందరూ రాసుకున్నారు.