అక్కడ ఏం పూసిందో రాయి బాపూ

భూపాలపల్లి

బాపుకు నీ పెద్దకొడుకు శ్రీనివాస్ దండం పెట్టి రాస్తున్న సంగతులు. నువ్వు, అమ్మ, తమ్ముడు బాగున్నారని తలుస్తున్నాను. పత్తి రెండో ఏరుడు అయిపోయిందా? అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయడం పద్ధతి. నేను క్షేమమే. స్వరూప సంగతి కింద రాస్తాను, తొందరపడి చివర చదవకు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోనులో నేను ఆ మాట ఎత్తగానే "ఇగో, మీ అమ్మ మాట్లాడుతదట" అని ఇచ్చేస్తావు. అమ్మ ఏడుస్తుంది. నేను ఏం కూర వండావని అడిగి పెట్టేస్తాను. ఉత్తరాన్ని అట్లా అమ్మ చేతిలో పెట్టలేవు. ఆమెకు చదువు రాదు కాబట్టి నువ్వే చదవాలి.

పని బాగానే ఉంది, దిగులు పడకు. ఓపెన్‌కాస్టు గని బాటల మీద బొగ్గు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకరు నాది. నేను చల్లుకుంటూ ముందుకు పోతుంటే వెనక ఆరిపోతుంటుంది, మళ్లీ మొదటికొస్తాను. చలి మొదలైంది. మీరు కట్టిచ్చిన బియ్యం ఇంకా ఉన్నాయి. వంట ఎక్కువసార్లు నేనే చేస్తున్నాను. నా పప్పు తిన్నవాడు ఎక్కడైనా బతుకుతాడు.

ఇక స్వరూప. వానాకాలంలో పాప పురిట్లోనే పోయాక, ఊరు మారితే మరిచిపోతుందని మీరంతా అన్నారు. ఊరే మారింది బాపూ. పాలు వచ్చి జాకెట్టు తడిసినన్నాళ్లు గోడ వైపు తిరిగి కూర్చుంది. పాలు ఎండిపోయాక కూడా ఆ గోడ వైపే కూర్చుంటోంది. పిలిస్తే పలకదు. అన్నం ముందు పెడితే కంచం చల్లారిపోతుంది. నాకు భయమేసి హనుమకొండలో మనసు జబ్బుల డాక్టరుకు చూపించాను. గోలీలు రాశాడు. ఒంటరిగా వదలొద్దని గట్టిగా చెప్పాడు. అందుకే డ్యూటీకి పోయేటప్పుడు ఆమెను మా క్వార్టరు వెనక లైనులో ఉండే సరళ టీచరమ్మ ఇంట్లో దిగబెట్టి పోతున్నాను. ఆమె బడి నుంచి రిటైరైంది, ఆమె భర్త గనిలో పనిచేసేవాడు, చనిపోయాడు.

ఆ టీచరమ్మ పూల నీళ్లు చేస్తుంది. నవ్వకు. గాజు గిన్నెలో మంచినీళ్లు పోసి, పొద్దుటి ఎండలో చెట్టు పక్కనే పెట్టి, పువ్వులను చేత్తో ముట్టకుండా ఆకుతో తుంచి ఆ నీళ్ల మీద వేస్తుంది. ఎండ నెత్తి మీదికి రాకముందే వడగట్టి, చెడిపోకుండా బ్రాండీ కలిపి సీసాలో పోస్తుంది. రోజూ కొన్ని చుక్కలు తాగాలి. భయానికి ఒక పువ్వు, దిగులుకు ఒక పువ్వు అంటుంది. మొదట ఆ బ్రాండీ తెమ్మని నన్నే పంపింది. వైన్ షాపు ముందు నన్ను చూశామని ఎవరైనా నీతో చెప్పి ఉంటే, సంగతి ఇదీ.

"బిడ్డా, నా మొగడు పోయినప్పుడు గివే నన్ను నిలబెట్టినయి. గట్లని దవాఖాన గోలీలు ఆపినవనుకో, నా గడప తొక్కకు" అని స్వరూపకు ముందే చెప్పింది టీచరమ్మ.

నేను డాక్టరును అడిగాను. "పూల నీళ్లతోని జబ్బు పోతదని నేనైతే చెప్ప. గోలీలు ఆపకుండ తాగితే తాగనియ్యి. బ్రాండీ మాత్రం వద్దు, గోలీలకు పడదు" అన్నాడు. బ్రాండీ లేకపోతే ఆ నీళ్లు నిలవ ఉండవు, ఏ రోజుకారోజు చేసుకోవాలి. దాంతో స్వరూప రోజూ పొద్దున్నే లేవాల్సి వచ్చింది.

నాకు నమ్మకం ఉందా అంటే లేదు. పూల నీళ్లకే దుఃఖం పోయేటట్లయితే నా ట్యాంకరు నిండా అవే నింపుకుని తిరిగేవాణ్ణి. కానీ ఆమె లేచింది బాపూ. తల దువ్వుకుంది. ఇక్కడి పువ్వులన్నిటి మీదా బొగ్గు దుమ్మే, కడిగితే పనికిరావట. అందుకని గిన్నెతో సహా ఆమెను బండి మీద టేకుమట్ల దిక్కు తీసుకుపోతున్నాను. అక్కడ చేల గట్ల మీద తంగేడు ఇంకా పూస్తోంది. ఒకరోజు బండి మీద "చలి పెడుతుంది" అంది. ఆ రెండు మాటలకే నాకు ఆ పూటంతా సంతోషంగా ఉంది.

మొన్న టీచరమ్మ అడిగింది. "రోజు నేను చెప్పిన పువ్వు నీళ్లే చేసుకొస్తున్నవు. నీ మనసుకు ఏ పువ్వు కావాలె బిడ్డా?"

స్వరూప గిన్నెను పక్కకు జరిపింది. తర్వాత నా వైపు తిరిగి, "నా బిడ్డ మీద పూసిన పువ్వు కావాలె. ఆడ ఏం పూసింది?" అంది.

నాకు తెలియదన్నాను.

"నీకు ఎరుకే. నాకు చెప్తలేవు."

అప్పటి నుంచి నాతో మాట లేదు. తెల్లారి లేవడం కూడా మానేసింది. గోలీ చేతిలో పెడితే, వేసుకుందో లేదో నోరు తెరిపించి చూస్తున్నాను. కట్టుకున్నదాన్ని అట్లా చూడాల్సి రావడం ఎంత కష్టమో నీకు రాయలేను.

నాకు నిజంగానే తెలియదు కదా బాపూ. మానుకోట దవాఖానలో నేను స్వరూప మంచం దగ్గర ఉన్నాను. నువ్వే పాపను నీ తువ్వాలలో చుట్టుకుని, తమ్ముణ్ణి వెంటేసుకుని ఆటో ఎక్కావు. మన మెట్ట చెలకలోనే పెట్టామని తమ్ముడు ఒక్కసారి నోరు జారాడు, తర్వాత ఎంత అడిగినా చెప్పలేదు. తల్లి ఆ చోటు చూడొద్దని, చూస్తే కడుపు మళ్లీ పండదని పెద్దలంటారు, నాకు తెలుసు. ఆ బరువు నువ్వొక్కడివే మోస్తున్నావని కూడా తెలుసు. ఇంకో బిడ్డ సంగతి తర్వాత. ముందు ఈమె నాకు దక్కాలి.

పువ్వు తుంచి పంపుతానని అనకు, అక్కడే ఎండలో గిన్నె పెట్టాలి. నీళ్లు చేసి బస్సులో పంపినా దారిలోనే చెడిపోతాయి. ఆమే రావాలి. వచ్చే ఆదివారం నాకు సెలవు, ఇద్దరం వచ్చి పెద్దవంగరలో దిగుతాం. అమ్మ వద్దంటే నువ్వు సర్దిచెప్పు.

ఈలోగా అక్కడ ఏం పూసిందో రాయి. ఏమీ పూయకపోతే లేదని రాయి. గడ్డి మొలిస్తే గడ్డి అనే రాయి, ఆమెకు చదివి వినిపిస్తాను. రాయడానికి నీకు చేయి రాకపోతే వద్దులే. మేమొచ్చాక నువ్వు చెలకలో ముందు నడువు, చాలు. నీ వెనక స్వరూప నడుస్తుంది. నేను కూడా ఆ చోటు చూడలేదు కదా, ఆమె వెనక నేను వస్తాను.

అమ్మకు దండాలు, తమ్ముడికి దీవెనలు. సరళ టీచరమ్మ నిన్ను అడిగానని రాయమంది. స్వరూప దండాలు చెప్పిందని రాయడం నా చేతికి అలవాటు. ఈసారి ఆమె చెప్పలేదు, అందుకే రాయడం లేదు. మమ్మల్ని దీవించు.

నీ కొడుకు, ఆ పాప తండ్రి,
శ్రీనివాస్