దోసెల ట్రెయిలర్‌కి ట్రక్కు

శనివారం రాత్రి, కాపెల్

ఒళ్లు మండిపోతోంది. దోసెలు పోసి అమ్మే మా ట్రెయిలర్ బండిని లాగడానికి పెద్ద ట్రక్కు కొందామని ఇవాళ మా ఆయనా నేనూ షోరూమ్‌కి వెళ్లాం. రెండు ట్రక్కులు చూశాం. గ్రైండర్లు, పిండి, నిండు నీళ్లట్యాంకుతో వాలు దిగేటప్పుడు ఏది బాగా ఆగుతుందని నేనడిగాను. సేల్స్‌మన్ జవాబు మా ఆయనకి చెప్పి, నాకు సీట్ల రంగులు చూపించాడు. ఈయన తలూపాడు! పోయిన వారం ఫ్లైఓవర్ మీద, బ్రేక్ వేసినా వెనక బరువు తోసేస్తుంటే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నది నేను.

తిరిగొస్తూ ఏది కొందామంటే, "తొందరెందుకే? వాట్సాప్ గ్రూప్‌లో మన తెలుగువాళ్లని అడిగి డిసైడ్ చేద్దాం" అన్నాడు.

ఆ గ్రూప్‌లో ట్రెయిలర్ లాగినవాడు ఒక్కడూ లేడు. ఆయన ఆ మాటన్నప్పుడు కూడా స్టీరింగ్ నా చేతిలోనే ఉంది.