నలభై గుక్కలూ పదిహేడు మొటిమలూ

ప్రియాతిప్రియమైన అక్కకు,

కవలల్లో పదకొండు నిమిషాలు ముందు పుట్టి, ఆ పదకొండు నిమిషాల పెత్తనాన్ని ఇరవై మూడేళ్లుగా చెలాయిస్తున్న నీకు తమ్ముడు వంగి వంగి రాయునది.

నేను క్షేమం. నా ముఖం క్షేమం కాదు. ఈ పాల ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది కదా. చేరిన రోజు మూడు మొటిమలుండేవి. ఇవాళ్టికి పదిహేడు. ఎడమ చెంప మీదివి నొప్పి కూడా పెడుతున్నాయి. రోజుకు నలభై శాంపిళ్లు, అంటే నలభై గుక్కల పాలు. ఒకరి ముఖం చూసి ఇంకొకరు మార్కులు వేయకుండా మనిషికీ మనిషికీ మధ్య తెల్లటి చెక్క గోడ పెట్టారు. ప్రస్తుతం నా ముఖానికి అంతకన్నా మర్యాదైన ఏర్పాటు లేదు.

నిన్న చర్మం డాక్టరుగారిని కలిశాను. మా సంభాషణ ఒక్క అక్షరం పోకుండా సమర్పిస్తున్నాను.

“పాలకూ మొటిమలకూ సంబంధం ఉందాండీ?”

“కొందరిలో ఉన్నట్టే కనిపిస్తుంది.”

“నాలో?”

“చెప్పలేం. కొన్నాళ్లు మానేసి చూడండి.”

“మానేస్తే ఉద్యోగం పోతుందండీ.”

“అయితే మానకుండా చూడండి.”

ఒక క్రీము కూడా రాసిచ్చారు. అది పూసుకుంటే పరీక్ష చెడిపోతుందని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఏం పరీక్ష అంటావా? పన్నెండు వారాల్లో నన్ను పర్మినెంట్ చేసే కాగితం వస్తుంది. సంతకం పెడితే మూడేళ్లు కదలడానికి లేదు. తప్పు పాలదే అని తేలితే పెట్టను, వెనక్కొచ్చి మళ్లీ మామయ్య జిరాక్స్ షాపులో కూర్చుంటాను. తేలాలంటే నువ్వు కావాలి. నీకూ మొటిమలున్నాయి. ఇద్దరిదీ ఒకే కడుపు, ఒకే రోజు. నువ్వు పాలూ పెరుగూ మానెయ్, నేను తాగుతూ ఉంటాను. తేడా వస్తే దోషి దొరికినట్టే. ఫోన్లో వద్దు, నా గొంతు వింటే నీకు జాలేస్తుంది. కాగితం మీద తేదీ వేసి రాయి.

శాస్త్రానికి అంకితమైన
నీ తమ్ముడు

*

ఒరేయ్ ప్రియమైన శాస్త్రవేత్తా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. “వాడికి పాలు పడకపోవడమేంటి, నా పాలు పడ్డాయిగా” అని మిషన్ తొక్కుతూనే తీర్పు చెప్పేసింది. కుట్టుపని చేసేవాళ్లకు అన్నీ అంత తేలిగ్గా కత్తిరించడం వచ్చు.

నలభై గుక్కలా? మరి మధ్యాహ్నం భోజనం ఎలా చేస్తున్నావురా?

నీ పరీక్ష తప్పులతడక. నువ్వు మగాడివి, నేను ఆడదాన్ని. నీ ఊరి నీళ్లు వేరు, నా ఊరి నీళ్లు వేరు. నువ్వు పాల మధ్య ఉంటావు, నేను కళ్లద్దాలు అరగదీసే దుమ్ములో ఉంటాను. అయినా ఒప్పుకుంటున్నాను. ఎందుకో చెప్పనా? ఆ జిరాక్స్ షాపులో కూర్చున్న ఏడాదిన్నరలో నువ్వు ఒక్క జోకు వేయలేదు. ఊళ్లోవాళ్ల సర్టిఫికెట్లన్నీ కాపీలు తీస్తూ, ఇంటికొచ్చి గోడకేసి చూసేవాడివి. నువ్వు మళ్లీ అలా అవడం నాకిష్టం లేదు.

పెరుగు లేకుండా నేనెలా బతుకుతానో అది నా బాధ. మా షాపులో పెద్ద భూతద్దం ఉంది, దానితో లెక్కపెట్టాను. పండినవీ పండబోయేవీ కలిపి పద్నాలుగు. మా ఓనరు పెద్దాయన “ఏం వెతుకుతున్నావమ్మా?” అన్నారు. “తమ్ముడి భవిష్యత్తండీ” అన్నాను.

నీ
పెత్తనపు అక్క

*

పూజ్యురాలైన అక్కకు,

నాలుగు వారాల నివేదిక. పదిహేడు, పంతొమ్మిది, పదహారు, ఇరవై ఒకటి. దీన్నిబట్టి నాకేం అర్థమైందంటే, ఏమీ అర్థం కాలేదు. ఇరవై ఒకటి వచ్చిన వారమే వేరే సబ్బు వాడాను. పదహారు వచ్చిన వారం ఐస్‌క్రీం కూడా రుచి చూశాను. ఐస్‌క్రీం మందా? ఈ ప్రశ్న అడిగితే రూములో ఉండే కుర్రాడు నన్ను పక్క మంచానికి జరగమన్నాడు.

అసలు సంగతి ఇది కాదు. మంగళవారం పదకొండో శాంపిల్ నోట్లో పోసుకోగానే ఏదో తేడా కొట్టింది. పులుపు కాదు, చేదూ కాదు. నాలుక చివర జర్రున జారింది. మా రుచి మాస్టారు పాతికేళ్లుగా నాలుకనే నమ్ముకుని బతుకుతున్న మనిషి. ఆయన్ను పిలిచి, “సార్, ఇందులో సోడా కలిసింది” అన్నాను. అందరూ నవ్వారు. వెళ్లి చూస్తే ఒక పైపు సోడాతో కడిగి, సరిగ్గా నీళ్లు పట్టలేదు. ఆ ట్యాంకు మొత్తం ఆపేశారు. మాస్టారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

ఇంతకాలం నా నాలుకతో నేను చేసిందల్లా ఎదురు మాట్లాడటమే కదా. అది ఒక పనికి వస్తుందని ఇరవై మూడేళ్లకు తెలిసింది. నాకు ఈ ఉద్యోగం కావాలక్కా. నీ అంకెలు చూసి భయపడాలో వద్దో చెప్పు.

నీ
సోడా తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

పది వారాలైంది. మూడు వారాలకోసారి లెక్కపెట్టిన నా అంకెలు పద్నాలుగు, పదిహేను, పదిహేను, పదహారు. పాలూ పెరుగూ ముట్టుకోలేదు. అయినా తగ్గలేదు. కాబట్టి తప్పు పాలది కాదు. సంతకం పెట్టెయ్.

అమ్మ అడిగానని చెప్పమంది.

అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరంలో ఒక్క తిట్టు కూడా లేదు. ఒంట్లో బాగాలేదా? కవరు తిరగేసి చూశాను, లోపల ఇంకో కాగితమేదైనా ఇరుక్కుందేమోనని.

ఏదైతేనేం, శాస్త్రం మాట్లాడింది. పాలు నిర్దోషి. సోమవారం పొద్దున సంతకం.

నా లెక్క ఇరవై ముగ్గురికి చేరింది. అవును, ముగ్గురే. ఇన్నాళ్లు కలిసి బతికాక అంకెలు అనాలనిపించడం లేదు. ముక్కు మీద ఒకడు దిగాడు, వాడు నాయకుడు. పాలు కాకపోతే మరేమిటి? దిండు గలీబు మార్చాను. ఏడు సబ్బులు మార్చాను. నవ్వడం తగ్గించి చూశాను, అది రెండు రోజులే కుదిరింది. ఎడమ చెంప దిండుకు ఆనించలేకపోతున్నాను, వెల్లకిలా పడుకుని పైకప్పుతో పరిచయం పెంచుకుంటున్నాను. పోనీలే, కారణం తెలీకపోయినా ఉద్యోగం దక్కింది. రెండింటిలో ఒకటి చాలు.

నీ రుణం తీర్చుకోలేని
తమ్ముడు

*

ఒరేయ్,

సోమవారం లోపు ఇది నీకు అందాలి. స్పీడు పోస్టులో వేస్తున్నాను. నిలబడి చదవకు, కూర్చో.

నేను పెరుగు తిన్నాను.

మొదటి తొమ్మిది రోజులు నిజంగానే మానేశాను, ఒట్టు. పదో రోజు భూతద్దం పెట్టి చూస్తే పదకొండే ఉన్నాయి. పద్నాలుగు పదకొండయ్యాయి. తప్పు పాలదే, వీడు వెనక్కొచ్చేస్తాడు, మళ్లీ ఆ షాపూ ఆ గోడా. ఆ మధ్యాహ్నమే గిన్నెడు పెరుగు తెచ్చుకుని, షాపులో ఫ్రేముల అర వెనక కూర్చుని తిన్నాను. అప్పట్నుంచి రోజూ తిన్నాను. ఆ పదకొండు నీకు రాయలేదు. తర్వాత రాసినవన్నీ నిజం. అంకెలు మార్చడానికి నాకు చేతులు రాలేదురా, అందుకని ముఖాన్నే మార్చాను.

పెద్దాయన ఒకరోజు పట్టుకున్నారు. “దొంగతనంగా తినడానికి అదేమైనా బంగారమా తల్లీ?” అన్నారు. చెబితే ఆయనా తికమకపడ్డారు. ఎందుకంటే ఆ తొమ్మిది రోజులూ మా అరగదీసే మిషన్ చెడిపోయి ఉంది, దుమ్మే లేదు. పెరుగు మానినందుకు తగ్గాయా, దుమ్ము లేనందుకా? నాకెలా తెలుస్తుంది?

నువ్వు ఎడమవైపు తిరిగితే తప్ప నిద్రపోలేవు. ఆ చెంప ఆనించలేకపోతున్నావని చదివాక నాలుగు రోజులుగా నాకు సరిగ్గా పని జరగడం లేదు. ఒకరికి నంబరు తప్పు వేసి అద్దం చేశాను. నీ ఉద్యోగం నిలబెడుతున్నాననుకుని నిన్ను మూడేళ్లు ఆ నొప్పికి కట్టేస్తున్నాను. సంతకం పెట్టాలో వద్దో నేను చెప్పను, చెప్పే హక్కు పోగొట్టుకున్నాను. ఆ క్రీము మాత్రం బీరువాలోంచి తీసి పూసుకోరా వెధవా.

అక్క

*

ప్రియమైన అబద్ధాల అక్కకు,

నీ ఉత్తరం శనివారం అందింది. మొదటిసారి చదివితే కోపం వచ్చింది. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారికి బుర్ర తిరిగింది. పన్నెండు వారాల మహా పరిశోధనలో తేలిందేమిటయ్యా అంటే, పాలు తాగినవాడికి మొటిమలున్నాయి, పెరుగు తిన్నదానికీ మొటిమలున్నాయి, ఇద్దరికీ బుద్ధి లేదు.

సోమవారం మాస్టారి ముందు కాగితం ఉంది, పెన్నూ ఉంది.

“సార్, నేను సంతకం పెట్టలేను.”

“ఏం, జీతం తక్కువైందా?”

“కాదు సార్, ముఖం ఎక్కువైంది.” ఎడమ చెంప ఆయన వైపు తిప్పాను. “రోజుకు నలభై గుక్కలు కడుపులోకి పోతున్నాయి. తప్పు వాటిదో కాదో తెలీదు. తెలీకుండా మూడేళ్లు తాగలేను. పని మాత్రం నాకు ప్రాణం సార్.” ఆ చివరి మాట అన్నప్పుడు నా గొంతు నవ్వులాటగా లేదు, అది నాకే తెలిసింది.

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“కడుపులోకా?”

“అవును సార్.”

“మింగుతున్నావా?”

“మరి?”

“మరేమిట్రా! నలభై శాంపిళ్లూ? ఐదు నెలల్నుంచీ?” లేచి తలుపు తీసి, గదంతా వినపడేలా, “ఒరేయ్, ఈ అబ్బాయి మింగుతున్నాడట!” అని కేకేశారు. చెక్క గోడల పైనుంచి ఆరు తలకాయలు లేచాయి.

అక్కా, ఇక్కడ ఎవ్వరూ మింగరు. నోట్లో తిప్పి, ఉమ్మేసి, మార్కులు వేస్తారు. ప్రతి గడిలోనూ అందుకే ఒక చిన్న సింకు. నేను అది గ్లాసు కడుక్కోవడానికేమో అనుకుని ఐదు నెలలు శ్రద్ధగా కడిగాను. శుభ్రమైన కుర్రాడని పేరు కూడా వచ్చింది. గోడ అడ్డం ఉంది కాబట్టి వాళ్లు ఉమ్మడం నేను చూడలేదు, నేను మింగడం వాళ్లు చూడలేదు. ఇలాంటిది నేర్పాలని ఎవరికి తడుతుంది? నోట్లో పెట్టుకున్నది ఉమ్మితే వీపు పగిలే ఇంట్లో పెరిగిన రకం ఒకటి ఉంటుందని వాళ్లకేం తెలుసు?

సంతకం పెట్టాను. సాయంత్రం డాక్టరుగారికి మన కథంతా చెప్పాను. ఆయన “మీ పరీక్షలో పాల గురించి ఏమీ తేలలేదు, మీ ఇద్దరి గురించే తేలింది” అన్నారు. పాలు మింగడం మానేస్తే నాకు తగ్గుతాయో లేదో ఇప్పుడు చూద్దామన్నారు. క్రీము పూసుకుంటూనే చూడమన్నారు. నిన్ను మాత్రం చూడకుండా ఏమీ చెప్పలేనన్నారు, నిజం చెప్పే మనిషిని తోడు తెచ్చుకోమన్నారు.

నా కోసం నువ్వు నీ ముఖం చెడగొట్టుకున్నావు. దానికి ఏం రాయాలో తెలీక నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది. ఇందులోనూ తెలీలేదు.

సంతకం అయ్యాక మొదటి శాంపిల్ నోట్లో పోసుకున్నాను. మాస్టారు వెనకే నిలబడ్డారు. చల్లగా, తియ్యగా, ఏ వంకా లేని పాలు. నోరు తెరుచుకోదు. “ఊఁ” అన్నారాయన. కళ్లు మూసుకుని సింకులో ఉమ్మేశాను. తెల్లగా తిరుగుతూ పోయాయి. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. పదికి తొమ్మిది మార్కులు వేశాను.

అమ్మకు మాత్రం చెప్పకు.

నీ
తమ్ముడు